లిపి తెలియని తెలుగు - యంత్రపఠనము

ఆంధ్రదేశపు ఎల్లలకు వెలుపల శతాబ్దములుగా స్థిరపడిన తెలుగువారి చరిత్రను వ్రాయువారు సాధారణముగా శాసనములతోను, నాయకరాజుల వలసలతోను, నేతగాండ్ర ప్రయాణములతోను ఆరంభింతురు. వారి భాషాస్థితిని గూర్చి చెప్పవలసి వచ్చినపుడు మాత్రము “అచ్చట తెలుగు నశించుచున్నది” యని ఒక్క వాక్యముతో ముగించుట పరిపాటియైనది. ఈ వాక్యమునందు సత్యము సగమే కలదు. భాష యనగా నోటిమాట యొకటి, చేతివ్రాత యొకటి. వీనిలో రెండవది పోయినను మొదటిది నిలుపుకొన్నవారు తమిళదేశమునందు ఊరూరను గలరు. వారు ఇంట తెలుగున మాటలాడుదురు, తెలుగున పోట్లాడుదురు, తెలుగున లాలిపాట పాడుదురు. తెలుగు పుస్తకము చేతికిచ్చినచో తిరగవేసి చూచి, మర్యాదగా తిరిగి యిచ్చివేయుదురు. 2011 నాటి జనాభా లెక్కలలో తమిళనాట తెలుగు మాతృభాషగా చెప్పుకొన్నవారు సుమారు 42 లక్షలు. కర్ణాటకమున 35 లక్షలకు పైబడి యున్నారు. వీరిలో తెలుగక్షరము చదువగలవారెందరో ఆ లెక్కలవలన తెలియదు. ఏ భాషయందు చదువను వ్రాయను వచ్చినను వానిని అక్షరాస్యునిగనే లెక్కించుదురు గనుక, తమిళము చదివిన తెలుగువాడు అక్షరాస్యుడే, తెలుగు పుస్తకము ముందు మాత్రము నిరక్షరుడు.

వ్రాతను మాటగా మార్చి వినిపించు యంత్రసాధనము, ‘టెక్స్ట్ టు స్పీచ్’ అని లోకమున వ్యవహరింపబడునది, ఇట్టివారికి ఏమి చేయగలదు, ఏమి చేయజాలదు అను విషయము చరిత్రదృష్టితో విచారింపదగినది. దీనిని ఈ వ్యాసమున యంత్రపఠనము అని పేర్కొనుట సుకరము.

లిపి తెలియనివారికి గ్రంథము నందించుట తెలుగువారికి క్రొత్త విద్య కాదు. దేవాలయ మంటపమునందో, పెద్దయింటి అరుగుమీదనో ఒకరు గ్రంథమును విప్పి పద్యము చదువగా, మఱియొకరు అర్థము చెప్పుట పురాణకాలక్షేపమను పేర నిన్న మొన్నటి వఱకు నడచినది. చుట్టును గూర్చున్నవారిలో అక్షరము తెలిసినవారు కొలదిమందియే. ఐనను గజేంద్రుని కథయు, ప్రహ్లాదుని కథయు తెలియనివాడు ఆ ఊర నుండెడివాడు కాడు. పోతన భాగవతము ఇంటింట నిలుచుటకు కన్ను చేసిన సాయము కంటె చెవి చేసిన సాయము మిక్కిలి.

ఆ చదువరి చేయుచుండిన పనిని కొంచెము నిదానించి చూడవలెను. తాళపత్రమునందు పదమునకును పదమునకును నడుమ ఎడముండదు. వృత్తపద్యములలో పాదము ముగిసినచోట పదము ముగియవలెనను నియమము లేదు; ఒక్కొక్కపుడు పదము నడిమికి విఱిగి తరువాతి పాదమున తేలును. చదువరి తన వ్యాకరణజ్ఞానముచే పదవిభాగము చేసికొని, ఎచ్చట ఊపిరి తీయవలెనో ఎఱిగి, సంధి విడదీయక చదివి, అర్థము చెప్పునపుడు మాత్రము విడదీసెడివాడు. అనగా చదువుట యనునది కన్ను చూచినదానిని నోరు పలుకుట మాత్రము కాదు. కన్ను చూడనిదానిని బుద్ధి పూరించుట కూడ. యంత్రమున కీ రెండవ భాగమే కష్టమైనది.

తమిళదేశమున వలసవచ్చిన తెలుగునకు చెవియే శరణ్యమైన తీరును మూడు నిదర్శనములు తెలుపును. తంజావూరు మండలమందలి మేలట్టూరున ఏటేట నరసింహ జయంతినాడు భాగవతమేళ నాటకములు ప్రదర్శింతురు. వాని కర్త మేలట్టూరు వేంకటరామశాస్త్రి. త్యాగరాజస్వామికి సమకాలికుడు, వయసున పెద్ద. నాటకములు తెలుగు, చూచువారిలో పెక్కుమంది తమిళులు, పాత్రధారులకు పాఠము తండ్రినుండియు మామనుండియు నోటివెంట వచ్చినది. రెండవది సంగీతము. సుబ్బరామ దీక్షితుల ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ 1904లో ఎట్టయపురమున తెలుగులిపిలో అచ్చువడినది. ఎట్టయపురము తిరునెల్వేలి సీమయందలిది. ఆ కాలమున దక్షిణదేశపు సంగీత విద్వాంసునకు తెలుగులిపి తెలిసియుండుననుటకు ఇంతకంటె సాక్ష్యము వలదు. అదే గ్రంథమును మదరాసు సంగీత విద్వత్సభవారు 1961 నుండి తమిళలిపిలో సంపుటములుగా వెలువరింపవలసి వచ్చినది. అఱువది యేండ్లలోపల చదువరులు మాఱిపోయిరి; కీర్తనలు మాఱలేదు. తమిళలిపిలో క, ఖ, గ, ఘ లకు ఒక్కటే అక్షరము గనుక, అచ్చువేయువారు అక్షరము పక్కన 1, 2, 3, 4 అని చిన్న అంకెలు వేసి శబ్దభేదము చూపుచు వచ్చిరి. త్యాగరాజ కీర్తనలను ఆ అంకెల సాయమున నేర్చుకొన్న తరములు గడచినవి.

మూడవ నిదర్శనము సాహిత్యమునకు సంబంధించినది. కోవిల్పట్టి సమీపమందలి ఇడైచెవలు గ్రామమున తెలుగింట బుట్టిన కి. రాజనారాయణన్ తన పూర్వులు తెలుగుదేశము విడిచి దక్షిణమునకు వచ్చిన వృత్తాంతమును ‘గోపల్ల గ్రామం’ అను నవలగా 1976లో వెలువరించెను. దాని తరువాతి నవల ‘గోపల్లపురత్తు మక్కళ్’ 1991లో సాహిత్య అకాడెమీ బహుమానము నందినది. వలసకథ ఇంటి ముసలివారు తెలుగున చెప్పినది, గ్రంథము తమిళము. నోట తెలుగు, చేత తమిళము అను స్థితికి ఇది ఉత్తమమైన ఫలితము. ఐనను ఆ తెలుగు ముసలివారి మాట యథాతథముగా ఏ పుటమీదను లేకపోయినదను కొఱత దీనితోనే కలసియున్నది.

ఇక యంత్రము. మాటలాడు యంత్రమును నిర్మింపవలెనను కోరిక ప్రాతదే. వియన్నాలోని రాజోద్యోగి వోల్ఫ్‌గాంగ్ ఫాన్ కెంపెలెన్ తోలుతిత్తి, రెల్లునాలుక, తోలుగొట్టము చేర్చి చేతితో నడపు యంత్రము చేసి, దాని వృత్తాంతమును 1791లో గ్రంథముగా ప్రకటించెను. 1939లో న్యూయార్కు ప్రపంచ ప్రదర్శనమునందు బెల్ ప్రయోగశాలవారు చూపిన ‘వోడర్’ విద్యుచ్ఛక్తితో మాటలాడినది. ఐతే పియానో వాయించినట్లు మీటలు నొక్కుటకు చిరకాలము శిక్షణ పొందిన స్త్రీలు దానికి కావలసివచ్చిరి. 1961లో అదే ప్రయోగశాలయందు కంప్యూటరు ఒక పాట పాడినది. ఇవన్నియు వినోదములు. వ్రాతను చూచి చదువు యంత్రమును అమెరికాలో రే కర్జ్‌వైల్ 1976లో అంధుల నిమిత్తము ప్రకటించిన పిదప గాని ఈ విద్యకు ప్రయోజనము స్పష్టపడలేదు. నోరు కదల్పలేని భౌతికశాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్ పలికిన యంత్రకంఠము మసాచుసెట్సులో డెనిస్ క్లాట్ చేసిన పరిశోధనముల ఫలితము. ఈ విద్యను పోషించినది అంధులును, మూగవారును. సుఖముగా చదువగలవారు కాదు. ఈ సంగతి ముందు మరల ప్రస్తావనకు వచ్చును.

యంత్రపఠనమున మెట్లు పెక్కు లేవు. మొదట వ్రాతయందలి అంకెలను, పొడియక్షరములను పూర్తిమాటలుగా విప్పవలెను. పిదప అక్షరములను ధ్వనులుగా మార్చవలెను. అటుపిమ్మట ఎచ్చట ఆగవలెను, ఎచ్చట స్వరము పెంచవలెను అని నిర్ణయింపవలెను. తుదకు ధ్వనితరంగమును పుట్టింపవలెను. ఇంగ్లీషున రెండవ మెట్టు మహాకష్టము. అక్షరక్రమమునకును ఉచ్చారణమునకును పొత్తు తక్కువగుటచే పెద్ద నిఘంటువు లేక పని జరుగదు. తెలుగున వ్రాసినది వ్రాసినట్లే చదువుదుము గనుక ఈ బాధ లేదని పెక్కుమంది తలంతురు. అది పొరపాటు.

చలి, చలనము అను రెండు మాటలను చూడుడు. మొదటి దచ్చతెనుగు, అందలి చకారము దంత్యము. రెండవది సంస్కృతము; అందలిది తాలవ్యము. అక్షర మొక్కటే. జడ, జాతి అనువానియందును ఇదే తీరు. ప్రాచీన లాక్షణికులు ఈ భేదమును గుర్తించిరి; ౘ, ౙ అను ప్రత్యేకాక్షరములును వాడుకలో నుండినవి; యూనికోడ్ వర్ణపట్టికలో అవి 2008లో చేరినవి; కాని నేడు వానిని ఎవరును వ్రాయరు. కాబట్టి యంత్రము మాట తెలుగో సంస్కృతమో ముందుగా తెలిసికొన్నగాని చకారమును సరిగా పలుకజాలదు. సున్న సంగతియు నట్టిదే. అంకమునందు ఒకటి, అంచునందు ఒకటి, అండయందు ఒకటి, అందమునందు ఒకటి, అంబయందు మఱియొకటి. ఒక్క చుక్కకు అయిదు ధ్వనులు. ‘వచ్చాడు’ అను వాడుకమాటలో రెండవ అక్షరపు దీర్ఘము ఆకారము కాదు, ఏకారమును కాదు. దానికి లిపిలో గుర్తే లేదు. ప్రాతగ్రంథములలోని అరసున్న పలుకదు. దానిని నిండుసున్నగా చదివిన యంత్రమును విన్న పండితుడు ఆ పూట మరల వినడు.

అంకెల పేచీ మఱియొకటి. 1947 అనునది సంవత్సరమైనచో ‘పందొమ్మిది వందల నలభై యేడు’. రూపాయలైనచో ‘వెయ్యిన్ని తొమ్మిది వందల నలభై యేడు’. టెలిఫోను సంఖ్యలో భాగమైనచో ఒక్కొక్క అంకెను విడిగా పలుకవలెను. ‘క్రీ.శ.’ అనుచోట చుక్కను చూచి వాక్యము ముగిసినదనుకొని ఆగిపోవు యంత్రములు గలవు. శాసన విషయక వ్యాసమును ఇట్టి యంత్రముచేత చదివించుకొన్నచో ప్రతి పంక్తియందును ఎక్కిళ్లు వినబడును.

పద్యమునకు వచ్చుసరికి యంత్రము పురాణపు చదువరికి బొత్తుగా తీసికట్టు. అచ్చుపుస్తకమున పాదమున కొక పంక్తి చొప్పున ఉండును. యంత్రము పంక్తి చివర ఆగును. పదము అచ్చట ముగియలేదని దానికి తెలియదు. విఱిగిన పదపు తల యొకచోట, మొండెము మఱియొకచోట వినబడగా, లిపి తెలియక చెవినే నమ్ముకొన్న శ్రోతకు ఆ పదమేమో ఎన్నటికిని తెలియదు. కన్నున్నవాడు పుస్తకము చూచి దిద్దుకొనును. ఇతని కా యవకాశము లేదు. యంత్రపఠనము ఎవరికి మిక్కిలి అవసరమో, వారికే దాని తప్పు మిక్కిలి హాని చేయును.

ఐనను ఇరువదియేండ్ల క్రిందటి యంత్రకంఠములతో నేటివానిని పోల్చుటకు వీలులేదు. జొనాథన్ డడింగ్‌టన్ అను నాతడు చేసిన ఈ-స్పీక్ అను చిన్న సాధనములో తెలుగు చేరినది. అది సూత్రములచే ధ్వనిని పుట్టించును గనుక డబ్బాలోనుండి మాటలాడినట్లుండును. కాని వేగముగా పలుకును, ఉచితము, ఎంత చిన్న కంప్యూటరునందైనను ఇముడును. హైదరాబాదునందలి అంతర్జాతీయ సమాచార సాంకేతిక సంస్థలోను, చెన్నపట్టణమున ఐ.ఐ.టి. నాయకత్వమున భారతప్రభుత్వ సాయముతో సాగిన సంయుక్త పరిశోధనములోను, మనుష్యులు చదివిన గంటలకొలది వాక్యములను రికార్డు చేసి, వానిని ముక్కలుగా ఖండించి, కావలసినట్లు అతికి కంఠములు సిద్ధపఱచిరి. 2016లో డీప్‌మైండ్ సంస్థవారు వేవ్‌నెట్ అను పద్ధతిని ప్రకటించిన పిదప అతుకులు పోయి, కంఠము మనుష్యకంఠమును దాదాపుగా పోలినది. నేడు మైక్రోసాఫ్ట్‌వారి తెలుగు కంఠములు రెండింటికి మోహన్, శ్రుతి యని పేర్లు. ఎడ్జ్ బ్రౌజరులో పుటను తెఱచి ‘బిగ్గరగా చదువు’మని కోరినచో వారిలో నొకరు చదువుదురు. ఆండ్రాయిడ్ ఫోనులలో గూగుల్‌వారి తెలుగు కంఠమును దించుకొని, ‘సెలెక్ట్ టు స్పీక్’ అను సౌకర్యమును మేల్కొల్పి, తెరమీద కావలసిన వాక్యమును వ్రేలితో తాకినచో చాలును. వేగమును తగ్గించుకొనవచ్చును. వయసు మీఱినవారు తగ్గించుకొందురు. అంధ విద్యార్థులు ఇతరులకు మాట తెలియరానంతగా పెంచుకొందురు.

యంత్రము సిద్ధమైనది గదా యని తృప్తిపడుటకు వీలులేదు. ఏమి చదువవలెనను ప్రశ్న మిగిలియున్నది. యంత్రము అక్షరమును చదువును గాని అక్షరపు బొమ్మను చదువదు. తెలుగక్షరములకు యూనికోడ్‌లో 1991లోనే స్థానమేర్పడినది. సామాన్యపు కంప్యూటరులలో 2001 ప్రాంతమున విండోస్ ఎక్స్‌పీతోను, గౌతమి ఖతితోను అది వాడుకకు వచ్చినది. ఐనను ముద్రణాలయములు ఆ తరువాతను చిరకాలము అను ఖతులవంటి ప్రాత పద్ధతులతోనే పుస్తకములు కూర్చినవి. ఆ ఫైలు తెరమీద తెలుగువలె కనబడును. లోపల నున్నది ఇంగ్లీషక్షరముల గజిబిజి. యంత్రము ఆ గజిబిజినే నమ్మకముగా చదువును. వేలకొలది తెలుగు పుస్తకములు ఇట్టి ఫైళ్లలో నిద్రించుచున్నవి.

అంతకు ప్రాతవైన గ్రంథములు బొమ్మలుగా నున్నవి. భారత డిజిటల్ గ్రంథాలయ ప్రణాళికక్రింద ఈ శతాబ్ది ఆరంభమునుండి స్కాన్ చేయబడిన తెలుగు పుస్తకముల సంఖ్య పెద్దది. మదరాసునందు 19వ శతాబ్దిలో అచ్చువడినవి వానిలో పెక్కు గలవు. తమిళదేశపు తెలుగువారి చరిత్రకు ఆకరములు చాల భాగము ఆ మదరాసు ముద్రణములలోనే యున్నవి. వీనిని బొమ్మనుండి అక్షరమునకు మార్చు సాధనములు గలవు గాని, ప్రాత అచ్చు వానికి లొంగదు. ఒక్క వలపలగిలక చాలును వానిని తికమక పెట్టుటకు. ‘సూర్యుడు’, ‘ధర్మము’ వంటి మాటలలో రేఫకు బదులు అక్షరము కుడిప్రక్కన వ్రాసెడి ఆ గుర్తు తెలుగు అంకె తొమ్మిదిని పోలియుండును. యంత్రము దానిని తొమ్మిది యనియే గ్రహించును. తెలుగు వికీసోర్సులో ఔత్సాహికులు పుటవెంట పుట కూర్చుండి యిట్టి తప్పులను దిద్దుచున్నారు. పేరు కోరక చేయు ఈ పని ఒకనాటి పురాణపు చదువరి పనియే. వారు దిద్దిన పుటను మాత్రమే యంత్రము నోరారగా చదువగలుగుచున్నది.

హక్కుల సంగతి వేఱు. తెరమీది వ్రాతను చదివి వినిపించు ఎన్.వి.డి.ఏ. అను ఉచిత సాధనమును 2006లో ఆస్ట్రేలియాలో ఇద్దరు అంధ యువకులు ఆరంభించిరి. భారతదేశమున 2012 నాటి కాపీరైటు సవరణ చట్టము, అంగవైకల్యముచే అచ్చుపుస్తకము చదువలేనివారి కొఱకు ఆ పుస్తకమును వారికి తగిన రూపమునకు అనుమతి లేకయే మార్చుటకు వీలు కల్పించినది. 2013లో మరాకెష్ నగరమున కుదిరిన అంతర్జాతీయ సంధిని అందఱికంటె ముందు 2014లో ధ్రువపఱచిన దేశము భారతదేశము. ఆ సంధి 2016 సెప్టెంబరు 30 నుండి అమలులోనికి వచ్చినది. సుగమ్య పుస్తకాలయమను అంతర్జాల గ్రంథాలయము ఆ యేడే వెలసినది. ఇవన్నియు అంధుల పోరాటఫలములు. వానిని తక్కువ చేయుట తగదు. ఐతే గమనింపవలసిన దేమన, లిపి తెలియనివానికి ఈ మినహాయింపు వర్తింపదు. ఇతని కన్ను బాగుగనే యున్నది. పుస్తకము కన్నుకు కనబడుచునే యున్నది. దానిని చదువలేకపోవుటకు కారణము దేహమునందు లేదు, చరిత్రయందున్నది. చట్టము దేహమును చూచును. కాబట్టి ఇతనికి మిగిలినవి, రచయిత గతించి అఱువది సంవత్సరములు దాటిన గ్రంథములును, ప్రకాశకుడు తానై దయచేసినవియును. కందుకూరివారు, గురజాడవారు ఆ లెక్కలోనికి వచ్చిరి. ఇప్పటివారు రారు.

ప్రాంతముల నన్నిటిని ఒక్కగాట కట్టుట న్యాయము కాదు. కర్ణాటకమున కోలారు, పావగడ, బళ్లారి సీమల తెలుగువాడు కన్నడము చదివినవాడైనచో తెలుగక్షరములను కొలది దినములలో పోల్చుకొనును. రెండు లిపులును ఒక్క తల్లి బిడ్డలు. అతనికి యంత్రపఠనము ఊత మాత్రమే. షోలాపురము పద్మశాలీలకు దేవనాగరియు, బరంపురము, పర్లాకిమిడి, రాయగడలవారికి ఒడియాయు చదువున కొచ్చిన లిపులు. అవి తెలుగున కింత దగ్గఱివి కావు. ఐనను భారతీయ లిపులు యూనికోడ్‌లో ఒకే వరుసలో అమర్పబడియుండుటచే, తెలుగు వ్రాతను దేవనాగరిలోనికో ఒడియాలోనికో యంత్రము చిటికెలో మార్చగలదు. షోలాపురపు వృద్ధునకు వినుటతోపాటు, తన కలవాటైన అక్షరములలో చూచుకొనుటకును మార్గము గలదు. యానాము సంగతి వేఱు. 1954లో ఫ్రెంచివారి చేతినుండి మాఱినను, అచ్చట తెలుగు బడియందును, బజారునందును, కచేరియందును ఎన్నడును లిపిని కోల్పోలేదు. గోదావరి కావలి గట్టుననున్న తెలుగుపల్లెలకంటె అది భిన్నము కాదు.

తమిళదేశమే కఠినమైన చోటు. తిరుత్తణి సీమ 1960 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశ్‌నుండి మదరాసు రాష్ట్రమునకు పోయినది. అప్పటి బడిపిల్లలు తెలుగు చదివినవారు. 2006 నాటి చట్టము తమిళమును పాఠశాలలలో ఏటికొక తరగతి చొప్పున నిర్బంధపాఠ్యముగా చేసినది. రాష్ట్రభాషను నేర్చుట పౌరునకు మేలే. తెలుగు పాఠములు క్షీణించుట దాని వెంటనంటి వచ్చిన నష్టము. ఇంటి తెలుగు పోలేదు. ఫలితముగా నేడు తమిళనాటి తెలుగు పిల్లలు తమ అవ్వకు ఫోనులో తెలుగుమాటను తమిళాక్షరములలో వ్రాసి పంపుదురు. ఆ అవ్వకు చూపు మందగించి, ఫోనునే చదువుమనెనా, యంత్రము తమిళాక్షరములను చూచి తమిళ ఉచ్చారణముతో చదువును. ‘బావ’ అని పంపినది ‘పావ’ యగును. ‘గంగ’ యని వ్రాసినది ‘కంగ’ యగును. కీర్తనల పుస్తకములలో 1, 2, 3, 4 అంకెలు వేసి తీర్చుకొన్న చిక్కు ఇది; ఫోనులో ఎవరును ఆ అంకెలు వేయరు. తమిళలిపిలోని తెలుగును గుర్తించి తెలుగుగా పలుకు సాధనమును సిద్ధపఱచుట అసాధ్యము కాదు. సందర్భమునుబట్టి ‘పావ’ కాదు ‘బావ’ యని ఊహించుట నేటి యంత్రములకు చేతనైన పనియే. అట్టిదానికై అడుగువారే తక్కువ.

వినుట కలవాటుపడినచో ఉన్న కొంచెము లిపియు నేర్వరని భయపడు పెద్దలు గలరు. ఆ భయము నిరాధారము కాదు. ఐనను పలుకుచున్న మాటకు తెరమీద రంగు వేసి చూపు సౌకర్యము నేటి సాధనములలో గలదు. చెవికి తెలిసిన మాట కంటి యెదుట వెలుగుచుండగా, పది పుటలు వినుసరికి ‘అమ్మ’, ‘కాదు’, ‘ఉన్నది’ వంటి మాటల రూపములు మనసున నిలుచును. పరాయి భాష నేర్చువానికంటె ఇతనికి సగము పని ముందే అయినది. అర్థము తెలియును, ధ్వని తెలియును, గుర్తు ఒక్కటే తెలియవలెను. తమిళనాటి తెలుగు సంఘములు నడపుచున్న ఆదివారపు తరగతులలో పెద్దబాలశిక్షతోపాటు దీనిని వాడి చూచుట వ్యయము లేని ప్రయత్నము.

యంత్రకంఠమునకు నమూనాగా చదివినవారు ఆంధ్ర, తెలంగాణముల శిష్టోచ్చారణము గలవారు. పులికాటు సరస్సు దరి మాట, హోసూరు మాట, కోవిల్పట్టి మాట ఆ నమూనాలలో లేవు. స. వెం. రమేశ్ ‘ప్రళయకావేరి కథలు’ ఆ సరస్సు దరి నుడికారమున వ్రాసినవి. వానిని యంత్రముచేత చదివించినచో ప్రతి మాటయు వినబడును గాని ఆ ఊరి యాస యొక్కటి మాత్రము వినబడదు. అచ్చటి పిల్లవాడు దానిని విని ఇది మన తెలుగు కాదు, పుస్తకపు తెలుగనును. ప్రాంతీయ కంఠమును నిర్మించుటకు కావలసినది స్వచ్ఛముగా రికార్డు చేసిన కొన్ని గంటల పఠనమును, దానికి సరియైన వ్రాతప్రతియును. వ్రాతప్రతిని చూచి చదువుటకు లిపి తెలియవలెను. ఆ నుడికారము చక్కగా నిలిచిన ముసలివారికి లిపి తెలియదు. కనుక అచ్చట పద్ధతి తలక్రిందులు కావలెను: ముందు వారు చెప్పిన కథను రికార్డు చేసి, పిదప విన్నది విన్నట్లు తెలుగక్షరములలో వ్రాసికొనవలెను. కథ చెప్పు అవ్వకు ఏమియు చదువ నక్కఱలేదు. వ్రాయువాడు మాత్రము ఆ ఊరివాడై యుండవలెను, లేనిచో ఆమె పలుకని మాటను దిద్ది వ్రాయును. ఇట్టి పనికి పరిశోధనాలయము వలదు. ఒక ఫోను, సద్దులేని ఒక గది, ఓపికగల ఒక మనుమడు చాలును.